పాత పికప్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవాలంటే: ఏ బండి, ఏ ఇంజిన్, ఎంత మార్పు?

మా మామగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి. మూడేళ్ల క్రితం డాలస్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, అప్పుడే కొన్న 1970 నాటి షెవర్లే సి-10 పికప్‌ను ఆయనకు గర్వంగా చూపించాను. ఎర్ర రంగు నిగనిగలాడుతోంది, తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంటోంది. ఆయన ఇంజిన్ జోలికే పోలేదు. గొంతుక్కూర్చుని, తలుపు కిందుండే రేకు మీద వేలి కణుపుతో వరసగా కొట్టుకుంటూ పోయారు. మొదట టంగుమని మోగింది. క్యాబిన్ వెనక మూలకు వచ్చేసరికి మట్టిగోడను తట్టినట్టు చప్పుడు చచ్చిపోయింది. "అల్లుడుగారూ, ఇక్కడ రేకు లేదు, లప్పం ఉంది," అన్నారు.

పైన పటారం, లోన లొటారం. ఆ లప్పం కింద ఏముందో తెలుసుకోవడానికి నాకు ఒక శీతాకాలం మొత్తం పట్టింది. ఆ తర్వాత నన్ను సలహా అడిగిన ప్రతి స్నేహితుడికీ ఒకే ప్రశ్న అప్పజెప్పాను: మీరు చేయబోయే ఈ మార్పును రేపు మనసు మారితే వెనక్కి తీసుకోగలరా? బండి ఎంపిక మొదలుకొని రంగు వరకు, కింద చెప్పే ప్రతిదాన్నీ నేను ఈ ప్రశ్నతోనే తూచాను.

షెవర్లేనా, ఫోర్డా?

అమెరికాలో ఇంటి గ్యారేజీలో పని చేసుకోవాలనుకునేవాళ్లు చివరికి 1967–72 మధ్య వచ్చిన షెవర్లే సి-10కీ, అదే కాలపు ఫోర్డ్ ఎఫ్-100కీ మధ్య ఊగుతారు. అంతకంటే పాతవి ఇంకా అందంగా ఉంటాయి, కాదనను. కానీ వాటిలో చాలావాటికి బ్రేకు నూనె గది ఒక్కటే ఉంటుంది. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. తొలిసారి పని మొదలుపెట్టేవాళ్లకు ఆ తలనొప్పి ఎందుకు?

సి-10కున్న పెద్ద బలం విడిభాగాలు. నేలరేకు, తలుపులు, ముందు ఫెండర్లు, క్యాబిన్ మూలలు, సరుకు వేసే వెనక తొట్టిలో పరిచే చెక్క పలకలు, చివరికి అద్దాల చుట్టూ ఉండే రబ్బరు, అన్నీ కొత్తవి తయారై వస్తున్నాయి. ఇంట్లో కూర్చుని ఆర్డరు పెట్టుకోవచ్చు. ముందు చక్రాలు విడివిడిగా కదిలే కాయిల్ స్ప్రింగుల సస్పెన్షన్, వెనక కూడా ఎక్కువగా కాయిల్ స్ప్రింగులే. అందుకే పికప్ అయినా కారులా సాగుతుంది. దీని తోబుట్టువు జీఎంసీకి వెనక సాధారణంగా పట్టా స్ప్రింగులు వచ్చేవి. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ప్రకటనలో ఫొటో చూసి మోసపోవద్దు, కిందకు దూరి చూడండి. పేరులో సి అంటే వెనక చక్రాలకు మాత్రమే శక్తి అందే బండి, కె అంటే నాలుగు చక్రాలకూ అందేది.

ఈ ఆరేళ్లలోనూ ఏ ఏడాది బండి అన్నది లెక్కే. 1971 నుంచి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు కంపెనీ నుంచే వచ్చాయి, చక్రానికి నట్లు ఆరు నుంచి ఐదుకు మారాయి. నాది 1970. కేవలం ఒక్క ఏడాది తేడాతో బ్రేకుల పని అంతా నా నెత్తిన పడింది. ముందు జాలీ నచ్చిందని 1969–70 వాటి మీద మనసు పడేవాళ్లను నేను ఆపలేను, నేనూ ఆ బాపతే. కానీ ఈరోజు మళ్లీ కొనాల్సివస్తే 1971 లేదా 1972 బండినే వెతుకుతాను.

ఫోర్డ్ ఎఫ్-100 ధర సాధారణంగా కాస్త తక్కువ పలుకుతుంది. దానికి మొండితనం ఎక్కువ. 1965లో వచ్చిన జంట ఇనుప దూలాల ముందు సస్పెన్షన్ బరువులకు తట్టుకుంటుంది గానీ బండిని కిందికి దించాలనుకునేవాళ్లకు అడ్డం తిరుగుతుంది, చక్రాల వాలు చెడిపోతుంది. అందుకే చాలామంది 2003–11 మధ్య వచ్చిన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా కారు ముందు భాగాన్ని మొత్తంగా తెచ్చి దీని కింద అమరుస్తారు. డిస్కు బ్రేకులు, మంచి స్టీరింగు ఒకేసారి వచ్చేస్తాయి. బాగుంది కదా అనిపిస్తుంది. అయితే చట్రం మీద కోతలూ రంధ్రాలూ పడతాయి, చక్రాలు బయటికి పొడుచుకు రాకుండా రిమ్ములూ మార్చాలి. వెనక్కి తీసుకోలేని మార్పుకు ఇది మంచి ఉదాహరణ. ఫోర్డ్ 300 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్ మాత్రం వేరే సంగతి. 1965లో మొదలై 1996 వరకు తయారైన ఇంజిన్ అది. అది బతికున్న ఎఫ్-100 దొరికితే నేనైతే దాన్ని మార్చే ఆలోచన చేయను.

డాడ్జ్ డి-100 సంగతి క్లుప్తంగా: 225 స్లాంట్ సిక్స్ అనే ఆరు సిలిండర్ల ఇంజిన్ గట్టిది, రేకు భాగాలు దొరకడం కష్టం. రెండో బండిగా కొనుక్కోండి, మొదటిదిగా వద్దు.

పొడవు గురించి కూడా ముందే తేల్చుకోవాలి. సి-10లో పొట్టి తొట్టి బండికి ముందు వెనక చక్రాల మధ్య దూరం 115 అంగుళాలు, పొడవు తొట్టికి 127. పొట్టిదానికి గిరాకీ ఎక్కువ, ధరా ఎక్కువే. దాంతో కొందరు చవగ్గా దొరికిన పొడవు బండి చట్రాన్ని ఒక అడుగు కోసి, మళ్లీ అతికి పొట్టిదాన్ని చేస్తారు. ఇంటి గ్యారేజీలో ఈ పని వద్దని గట్టిగా చెబుతాను. బండి మొత్తం బరువు మోసే అతుకు అది. పొడవు బండి గ్యారేజీలో పడుతుందో లేదో కొనకముందే టేపు పెట్టి కొలుచుకోండి. పదిహేడు అడుగులు దాటే బండి చుట్టూ మనిషి తిరగాలి, వెనక ఇంజిన్ ఎత్తే క్రేను నిలబడాలి.

నడిచే బండా, పుచ్చని బండా?

ఒకే ధరకు రెండు బండ్లు కనిపిస్తాయి. ఒకటి నడుస్తోంది, రంగు మెరుస్తోంది, మిషిగన్ లేదా ఒహాయో నుంచి వచ్చింది. రెండోది అరిజోనాలోనో పశ్చిమ టెక్సస్‌లోనో చెట్టు కింద పదేళ్లు పడి ఉంది, ఇంజిన్ బిగుసుకుపోయింది, రంగు వెలిసిపోయింది. కొత్తగా దిగినవాళ్లు మొదటిదే కొంటారు. నేనూ అదే చేశాను. కొనాల్సింది రెండోది.

మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీరు రేకు మడతల్లోకి చేరి లోపలి నుంచి తినేస్తుంది. ఇంజిన్‌ను ఎత్తి పక్కన పెట్టి ఇంకోటి దించడం రెండు వారాంతాల పని. క్యాబిన్ నేల, తలుపు కింది పెట్టెరేకు, క్యాబిన్ మూలలు, క్యాబిన్‌ను చట్రానికి పట్టి ఉంచే ముందువైపు బిగింపులు పుచ్చిపోతే కొలతలు తప్పకుండా కోసి అతకాలి. తలుపు మూసుకోకపోతే మళ్లీ మొదటికే. చూడటానికి వెళ్లినప్పుడు పల్చటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లండి. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. బ్యాటరీ కింది రేకు, వైపర్ల కింద నీరు చేరే గది, వర్షపు నీటి అంచు, ఈ మూడూ కూడా చూడండి. మా మామగారి వేలి కణుపు మనందరికీ ఉండదు కదా.

మూడు దారులు

బండి చేతికొచ్చాక మనిషి ముందు మూడు దారులుంటాయి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అచ్చంగా అలాగే నిలబెట్టడం మొదటిది. పాత రూపం, కొత్త యంత్రాలు రెండోది. ఇక్కడివాళ్లు దీన్ని రెస్టోమాడ్ అంటారు. ఎండకు వెలిసిన రంగును, పాత కంపెనీ పేరు రాసి ఉన్న తలుపును అలాగే ఉంచి, కింద మాత్రమే పని చేసుకోవడం మూడోది.

మొదటిది వినడానికి చవకగా తోస్తుంది గానీ కాదు. సరైన నంబరున్న కార్బురేటర్ కోసం, సరైన గుర్తున్న బోల్టు కోసం నెలలు తిరగాలి. ఇంట్లో పిల్లలున్న మనిషికి నేను మూడోదే చెబుతాను. బండి తొందరగా రోడ్డెక్కుతుంది, గీత పడితే గుండె ఆగదు, అన్నిటికన్నా ముఖ్యం, ఆ తర్వాత ఎప్పుడైనా మిగతా రెండు దారులకూ మళ్లవచ్చు. కొత్త రంగు వేసిన బండికి పాత రంగు తిరిగి రాదు. రసాయనాలతో తుప్పు రంగు పుట్టించి పాతదనం నటించే బండ్లూ ఈమధ్య కనిపిస్తున్నాయి. వాటి గురించి మర్యాదగా చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు.

ముందు ఆగాలి, తర్వాత పరుగెత్తాలి

ఇంజిన్ మీదే అందరి ధ్యాస. కానీ డబ్బు మొదట వెళ్లాల్సింది బ్రేకులకు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములున్న బండి ఒక్కసారి బాగానే ఆగుతుంది. డాలస్ హైవే మీద వరసగా మూడుసార్లు గట్టిగా తొక్కాల్సివస్తే డ్రమ్ము వేడెక్కి పట్టు సడలుతుంది. నీళ్లలో దిగివస్తే ఒక పక్కకు లాగుతుంది. ముందు చక్రాలకు డిస్కు కిట్టు వేస్తే ఈ రెండు బాధలూ చాలావరకు పోతాయి. కిట్టుతోపాటు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కగానే బ్రేకు నూనెను తోసేది), ముందు వెనకలకు ఒత్తిడి పంచే వాల్వు కూడా మార్చాలి. డిస్కు మాత్రమే వేసి పాత మాస్టర్ సిలిండర్ వదిలేస్తే వెనక చక్రాలు ముందుగా బిగుసుకునే ప్రమాదం ఉంటుంది. పాత విడిభాగాలను నూనె రాసి అట్టపెట్టెలో దాచుకోండి. కోతలు లేకుండా బోల్టులతోనే అమరే కిట్టు కొంటే, ఇది పూర్తిగా వెనక్కి తీసుకోగలిగే మార్పు.

నెమ్మదిగా ఊళ్లో తిరగడానికి, వారానికో రోజు తీయడానికి అయితే డ్రమ్ములు ఉంచుకోవడం తప్పేమీ కాదు. అయితే లోపలి రబ్బరు, గొట్టాలు, ఇనుప పైపులు మాత్రం మార్చాల్సిందే. పైపులకు రాగి నికెల్ మిశ్రమం ఎంచుకోండి, చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు. పాత బ్రేకు షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. గాలి పెట్టి ఊదవద్దు, తడిగుడ్డతో తుడవండి.

బ్రేకుల తర్వాత స్టీరింగు, ఆ తర్వాత వైర్లు. యాభై ఏళ్ల కిందటి వైరు పొర చేతిలో పొడిపొడిగా రాలుతుంది. మొత్తం కొత్త వైర్ల కట్ట కొనడం, ఉన్నదాన్ని అక్కడక్కడా అతకడం, ఈ రెండింటి మధ్య నాకు పోటీయే కనిపించదు. కొత్తదే కొనండి. అతికిన వైరు దగ్గర పొగ వచ్చేది ఎప్పుడూ రాత్రి పూటే.

ఇంజిన్: నాలుగు రకాల మనుషులు

ఇక అందరూ ఎదురుచూసే విషయం. సి-10నే తీసుకుందాం. 1970లో ఇందులో 250 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్, 307, 350 క్యూబిక్ అంగుళాల వీ-8లు, అంటే ఎనిమిది సిలిండర్లవి, వచ్చేవి. అప్పటి కరపత్రాల్లోని హార్స్‌పవర్ అంకెలను ఈనాటి అంకెలతో పోల్చి గుండె నిబ్బరం కోల్పోకండి, పొంగిపోనూ వద్దు. 1972 నుంచి కంపెనీలు లెక్క మార్చాయి. అంతకుముందు ఫ్యాను, సైలెన్సర్ వంటి బరువులేవీ లేకుండా, బల్ల మీద పెట్టి కొలిచిన అంకె వేసేవాళ్లు. ఆ తర్వాత బండిలో ఉన్నట్టుగా కొలిచారు. అదే ఇంజిన్, చిన్న అంకె.

ఉన్న ఇంజిన్‌నే బోరు చేయించి నిలబెట్టుకునేవాళ్లు మొదటి రకం. లేత్ పని బయట చేయించి, బిగింపు ఇంట్లో చేసుకోవచ్చు. పిల్లలకు ఇంజిన్ అంటే ఏమిటో చూపించాలంటే దీన్ని మించింది లేదు. మూత తీస్తే అంతా కంటికి కనిపిస్తుంది. రెండు జాగ్రత్తలు. సీసం లేని పెట్రోలుకు తగ్గట్టు గట్టి వాల్వు సీట్లు వేయించండి. కామ్ షాఫ్టు మీద నేరుగా రాసుకునే ట్యాపెట్లు కాబట్టి జింకు ఎక్కువున్న నూనె పోయండి. పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరుస్తుంది, వాటినీ మార్చండి.

రెండో రకంవాళ్లు పాత ఇంజిన్ మీద కొత్త తెలివి కూర్చోబెడతారు. ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే ప్లాటినం పాయింట్ల స్థానంలో డిస్ట్రిబ్యూటర్ మూత కిందే దాగిపోయే ఎలక్ట్రానిక్ మాడ్యూల్, కార్బురేటర్ స్థానంలో అదే బోల్టులకు కూర్చునే ఇంధన ఇంజెక్షన్. చలిలో పొద్దున్నే ఒక్క తాళానికి అందుకుంటుంది. నచ్చకపోతే ఒక్క శనివారంలో పాతవి తిరిగి పెట్టేయవచ్చు. నేను చివరికి ఇక్కడే ఆగాను.

వేరే బండి నుంచి తెచ్చిన 350 వీ-8 దించేవాళ్లు మూడో రకం. ఆరు సిలిండర్ల బండికి మౌంటులు, రేడియేటర్ మారతాయి గానీ అంతా ఆ కంపెనీ ఇంటి సరుకే. దొరకడం సులువు, బాగుచేసేవాళ్లు ఊరూరా ఉన్నారు. చెప్పుకోవడానికి కొత్తగా ఏమీ ఉండదు, అదే దాని సుఖం.

నాలుగో రకం, ఇప్పుడు అందరూ కలవరించేది, షెవర్లే కొత్త తరం వీ-8లైన ఎల్‌ఎస్ కుటుంబం ఇంజిన్. అందులో చవకైనది 1999–2007 మధ్య షెవర్లే సిల్వరాడో, టాహో బండ్లలో వచ్చిన 5.3 లీటర్ల ఎల్‌ఎం7. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్లు, ఏడాదిని బట్టి 270 నుంచి 295 హార్స్‌పవర్. పాత బండ్ల తుక్కు యార్డులో గేర్‌బాక్స్‌తో సహా దొరుకుతుంది. అక్కడ పలికే ధర చూసి "ఇంతేనా" అనుకుంటే పొరపాటే. ఇల్లు కట్టి చూడు అన్నట్టే ఇదీ. మౌంటుల కిట్టు కావాలి. ఆయిల్ పాన్ చట్రం అడ్డపట్టీకి తగిలితే అదీ మార్చాలి. వైర్ల కట్టను విడదీసి కంప్యూటర్‌లోని దొంగతనం నిరోధక లాకు తీయించాలి. కేబుల్‌తో నడిచే స్పీడోమీటర్‌కు ఈ గేర్‌బాక్స్ నుంచి కేబుల్ రాదు. డ్రైవ్ షాఫ్టు పొడవు సరిచేయించాలి. 2003 నుంచి యాక్సిలరేటర్ కేబుల్ స్థానంలో వైరు వచ్చింది కాబట్టి పెడలూ దాని మాడ్యూలూ అదే బండి నుంచి విప్పి తెచ్చుకోవాలి.

అసలు చిక్కు పెట్రోలు ట్యాంకు దగ్గర. 1972 వరకు ఈ బండ్లలో ట్యాంకు క్యాబిన్ లోపలే, సీటు వెనక ఉంటుంది. మీ వీపుకూ పెట్రోలుకూ మధ్య సీటు ఒక్కటే అడ్డు. కార్బురేటర్‌కు చదరపు అంగుళానికి 5 నుంచి 7 పౌండ్ల ఒత్తిడి చాలు, ఎల్‌ఎస్‌కు దాదాపు 58 పౌండ్లు కావాలి. కాబట్టి లోపలే పంపు ఉన్న ట్యాంకును తొట్టి కింద, చట్రం పట్టీల మధ్య అమర్చుకుంటారు. నిజానికి ఏ ఇంజిన్ ఉంచుకున్నా ఈ ఒక్క మార్పు చేయండి. పాత ట్యాంకు కావాలంటే మళ్లీ సీటు వెనక పెట్టుకోవచ్చు. నేను పెట్టుకోను.

రోజూ నలభై మైళ్లు హైవే మీద ఆఫీసుకు ఇదే బండిలో వెళ్తానంటే ఎల్‌ఎస్ వేసుకోండి, నాలుగో గేరు ఓవర్‌డ్రైవ్‌తో హాయిగా సాగుతుంది. ఆదివారం బండి అయితే ఆ డబ్బుతో రేకు పని బాగా చేయించుకోవచ్చు. మోటారు పెట్టి కరెంటు బండిగా మార్చాలన్న మోజు కూడా ఉంది. 1978 ఎఫ్-100లో తమ విద్యుత్ మస్టాంగ్ మోటార్లు పెట్టి, 480 హార్స్‌పవర్‌తో 2021లో ఫోర్డే ఒకటి చేసి చూపించింది. పెద్ద బ్యాటరీల దగ్గర ఇంటి గ్యారేజీ ప్రయోగాలు నాకు నచ్చవు. అక్కడితో వదిలేస్తున్నాను.

వెల్డింగు, రంగు, పొరుగువాళ్లు

రేకు అతకడానికి ఇంటి కరెంటుతో నడిచే 140 ఆంపియర్ల మిగ్ యంత్రం చాలు. గ్యాసు లేకుండా పొడి నిండిన తీగతో చేసే వెల్డింగు చవక, కానీ పల్చటి రేకును కాల్చి చిల్లులు పెడుతుంది. ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండర్ కొనుక్కుని, 0.6 మిల్లీమీటర్ల తీగతో, చుక్క తర్వాత చుక్కగా, దూరదూరంగా అతకండి. ఒకేచోట గీత లాగితే రేకు అప్పడంలా వంకర పోతుంది. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగు చేయవద్దు. ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. ట్యాంకు బండిలో ఉండగా యంత్రం ఆన్ చేయకూడదని వేరే చెప్పక్కర్లేదు.

రంగు బయట వేయించండి. రెండు భాగాలు కలిపి వేసే ఈనాటి రంగుల్లో ఐసోసైనేట్లు ఉంటాయి. మామూలు ముసుగు వాటిని ఆపదు, బయటి నుంచి గాలి అందించే ముసుగు కావాలి. పక్క గదిలో వంట జరిగే ఇంట్లో ఆ పని చేయకూడదు. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి గీకేటప్పుడు పొడి దుమ్ము లేపకుండా తడిపి గీకండి. గీకడం, లప్పం పెట్టడం, ఇలా ప్రైమర్‌కు ముందుండే పని అంతా మీరే చేసుకుంటే బయట ఇచ్చే కూలి బాగా తగ్గుతుంది.

గేటు తలుపులున్న కాలనీల్లో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు బండి కొనకముందే చదవండి. చాలాచోట్ల ఇంటి ముందు బండి విప్పకూడదు. నాకూ ఒక లేఖ వచ్చింది, బంపరు పచ్చిక మీద పెట్టినందుకు. జులైలో తలుపు మూసిన గ్యారేజీలో వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన వేడిలో పని చేయడం ఎలా ఉంటుందో ఆ లేఖ రాసినవాళ్లకు తెలియదు.

నంబరు ప్లేటు

టెక్సస్‌లో ఉద్గారాల పరీక్ష ఉన్న జిల్లాల్లోనూ 24 ఏళ్లు దాటిన బండికి ఆ పరీక్ష లేదు. సొంత బండ్లకు భద్రతా తనిఖీని కూడా 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు నాటి బండ్లకు పొగ పరీక్ష మినహాయింపు ఉంది. అంటే మిమ్మల్ని ఆపేవాళ్లెవరూ లేరు, బ్రేకులు సరిగా ఉన్నాయో లేదో చూసేవాళ్లూ లేరు.

హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది పాత విల్లీస్ పికప్ ఒకటి చూసి, నేను చేసినట్టే చేస్తానన్నాడు. అక్కడ లెక్క వేరు. తయారీదారు ఇచ్చిన అసలు నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, చట్రంలోగానీ బాడీలోగానీ ఇంజిన్‌లోగానీ పెద్ద మార్పులు జరగని బండికి వీఏ అక్షరాల ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. దాన్ని రోజువారీ తిరుగుడుకు, అద్దెకు వాడకూడదు. కాబట్టి భారత్‌లో పైన చెప్పిన మొదటి దారే దారి. ఇంజిన్ మార్చే ఉద్దేశం ఉంటే ముందు రవాణా కార్యాలయంలో అడిగి, తర్వాత పానా పట్టుకోమన్నాను.

టెక్సస్‌లో పాతికేళ్లు దాటిన బండికి రెండు రకాల ప్లేట్లున్నాయి. యాంటిక్ ప్లేటు తీసుకుంటే ప్రదర్శనలకు, ఊరేగింపులకు, క్లబ్బు కార్యక్రమాలకే తీయాలి. క్లాసిక్ ప్లేటుకు ఆ కట్టుబాటు లేదు. నేను రెండోది తీసుకున్నాను. శనివారం పొద్దున ఇర్వింగ్‌లోని కిరాణా కొట్టు నుంచి సోనా మసూరి సంచులు ఇందులోనే వస్తాయి. తొట్టిలో కొత్త చెక్క పలకలకు నేనే నాలుగు పూతలు వార్నిష్ వేశాను కాబట్టి, సంచుల కింద పాత దుప్పటి పరుస్తాను. అది బియ్యం మీద శ్రద్ధ అని మా ఆవిడ అనుకుంటోంది.